అరవయ్యో ఏట అమ్మమ్మ భాష: ఐర్లండ్‌లో ఆలస్యంగా మొదలయ్యే చదువు

(సభకు రాలేకపోయిన మిత్రుల కోసం, రికార్డు చేసిన ప్రసంగాన్ని విని రాసిన పాఠం.)

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. చాలా ఏళ్లుగా డబ్లిన్‌లో ఉంటున్నాను కనుక అక్కడి భాష గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. ఒక భాష గురించి గంటలో చెప్పడం అయ్యే పని కాదు. అందుకని ఒక్క విషయానికే పరిమితమవుతాను. ఉద్యోగ విరమణ అయ్యాక, పిల్లలు స్థిరపడ్డాక, తమ తాతలో అమ్మమ్మలో మాట్లాడిన ఐరిష్ భాషను మొదటి పాఠం నుంచి నేర్చుకోవడానికి కూర్చునే మనుషులున్నారు. వాళ్లెవరు? వాళ్ల ఇళ్లలో ఆ భాష ఎందుకు ఆగిపోయింది? దాన్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు ఇప్పుడు ఏం దొరుకుతోంది? ఇదే ఈ రోజు విషయం.

చెప్పదలుచుకున్న మాట ముందే చెప్పేస్తాను. వయసు మీరాక భాష నేర్చుకునేవాళ్లను చూసి లోకం ముచ్చటపడుతుంది, కాలక్షేపం కోసం వస్తున్నారనుకుంటుంది. నేను అలా అనుకోను. గత నూట ముప్పై ఏళ్లలో ఐరిష్ నిలబడి ఉందంటే, అందులో పుట్టుకతో ఆ భాష వచ్చినవాళ్లకు ఎంత భాగముందో, పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నవాళ్లకూ దాదాపు అంత భాగముంది. అది ఎలాగో చూద్దాం.

ముందు ఆ భాష ఏదో స్పష్టం చేసుకోవాలి. ఐరిష్ అనగానే ఐర్లండ్ వాళ్లు తమ యాసలో మాట్లాడే ఇంగ్లిష్ అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఐరిష్ పూర్తిగా వేరే భాష. ఆ భాషలో దాని పేరు గేల్గె. ఇది కెల్టిక్ కుటుంబానికి చెందింది. స్కాట్లండ్‌లోని గేలిక్, మాన్ ద్వీపంలోని మాంక్స్ దీనికి తోబుట్టువులు. నిలువురాళ్ల అంచుల మీద గీతలుగా చెక్కిన ఓగమ్ శాసనాలు ఈ భాషకున్న ప్రాచీన సాక్ష్యాలు. 1937 రాజ్యాంగం దీన్ని దేశపు మొదటి అధికార భాషగా ప్రకటించింది. 2007 జనవరి నుంచి ఐరోపా సమాఖ్య అధికార భాషల్లో ఇదొకటి.

మరి మాట్లాడేవాళ్లు ఎంతమంది? 2022 జనాభా లెక్కల్లో 18,73,997 మంది తమకు ఐరిష్ వచ్చునని చెప్పారు. నూటికి నలభై మందన్న మాట. వినడానికి బాగానే ఉంది కదా? అదే లెక్కల్లో, చదువుకునే చోట కాకుండా బయట రోజూ ఆ భాష మాట్లాడుతున్నామని చెప్పినవాళ్లు 71,968 మంది. బడిలో పన్నెండు, పదమూడేళ్లు తప్పనిసరిగా చదివి, పరీక్ష రాసి, ఆ తర్వాత నోరు తెరవని లక్షల మంది ఈ రెండు అంకెల మధ్య ఉన్నారు. సాయంత్రపు తరగతులకు వచ్చేవాళ్లలో సగం మంది అక్కడి నుంచే వస్తారు. మిగిలిన సగం, లండన్‌లోనో బోస్టన్‌లోనో సిడ్నీలోనో పుట్టి పెరిగి, ఐర్లండ్ అన్నది ఇంట్లో వినిపించే ఒక ఊరి పేరుగా మాత్రమే తెలిసినవాళ్లు. అమెరికాలోనే మూడు కోట్లకు పైగా జనం తమ పూర్వీకులు ఐర్లండ్ వాళ్లని చెప్పుకుంటారు.

ఇంతమంది ఇళ్లలో భాష ఎలా ఆగిపోయింది? కరువు వల్ల అని ఒక్క మాటలో చెబుతారు. అది నిజమే, కానీ సగం నిజం. 1841లో ఆ ద్వీపం జనాభా ఎనభై లక్షలు దాటి ఉంది. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకింది. 1852 నాటికి దాదాపు పది లక్షల మంది ఆకలితో, జ్వరాలతో చనిపోయారు, అంతకు మించి ఓడలెక్కి వెళ్లిపోయారు. దుంప తప్ప వేరే తిండి లేని పేద కౌలుదార్లు పడమటి జిల్లాల్లో ఎక్కువ. ఐరిష్ మాట్లాడేదీ ఎక్కువగా వాళ్లే. 1851లో తొలిసారి జనాభా లెక్కల్లో భాష గురించి అడిగితే సుమారు పదిహేను లక్షల మందికి ఐరిష్ వచ్చునని తేలింది. 1911కు వచ్చేసరికి ఆరు లక్షలు కూడా లేరు.

మిగతా సగం, అంటే కరువు తప్పించుకుని బతికి బట్టకట్టినవాళ్లు తీసుకున్న నిర్ణయం, మరింత బాధాకరమైనది. 1831లో ప్రభుత్వం నెలకొల్పిన జాతీయ పాఠశాలల్లో చదువంతా ఇంగ్లిష్‌లోనే. పిల్లవాడి మెడలో ఒక కర్రముక్క వేలాడదీసి, ఐరిష్ మాట దొర్లిన ప్రతిసారీ దాని మీద ఒక గాటు పెట్టి, సాయంత్రం గాట్లు లెక్కపెట్టి దెబ్బలు వేసే ఆచారం చాలాచోట్ల ఉండేది. ఆ కర్ర విషయంలో తల్లిదండ్రులు కూడా సహకరించారన్నది గుర్తుపెట్టుకోవాలి. ఇంట్లో మాట్లాడినా గాటు పడేది. వాళ్లను తప్పుపట్టడానికి మనకు నోరు రాదు. పుట్టిన బిడ్డల్లో సగం మంది ఓడ ఎక్కక తప్పదని తెలిసిన తల్లి, ఓడ దిగిన చోట పనికొచ్చే భాషే నేర్పాలనుకోదా?

అలా అనుకోవడానికి ఇంకొక కారణం చెబుతాను. 1882లో గాల్వే కౌంటీలోని మామ్‌ట్రాస్నా అనే కొండప్రాంతంలో ఒక కుటుంబాన్ని హత్య చేశారు. ఆ కేసులో మోల్రా షోయ్గె అనే రైతును నిందితుల్లో ఒకడిగా డబ్లిన్‌లో విచారించారు. ఆయనకు ఐరిష్ తప్ప మరో భాష రాదు. విచారణ జరిగింది ఇంగ్లిష్‌లో. తన మీద ఎవరేం చెబుతున్నారో తెలియకుండానే దోషిగా తేలి, ఆ డిసెంబరులో గాల్వే జైలులో ఉరికంబం ఎక్కాడు. తాను నిర్దోషినని చివరిదాకా ఐరిష్‌లో చెబుతూనే ఉన్నాడు. 2018లో ఐర్లండ్ అధ్యక్షుడు మైకేల్ హిగిన్స్ ఆయనకు మరణానంతరం క్షమాభిక్ష ఇచ్చారు. నూట ముప్పై ఆరేళ్ల తర్వాత! ఇలాంటి వార్త చెవిన పడిన ఊళ్లో, ఏ తండ్రి తన కొడుక్కి ఐరిష్ ఒక్కటే చాలు అనుకుంటాడు?

ఇక ఆ నిర్ణయం ఒక ఇంట్లో ఎలా జరిగిందో దగ్గరగా చూపిస్తాను. 1901, 1911 సంవత్సరాల జనాభా లెక్కల పత్రాలను ఐర్లండ్ జాతీయ అభిలేఖాగారం వాళ్లు ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకునేలా పెట్టారు. అవి ఇంటికొకటి చొప్పున నింపిన కాగితాలు. పేరు, ఇంటి పెద్దకు ఏమవుతారు, మతం, చదవడం రాయడం వచ్చా, వయసు, వృత్తి, పెళ్లి వివరాలు, పుట్టిన చోటు, ఇలా నిలువు గడులుంటాయి. కుడివైపున ఒక గడి ‘ఐరిష్ భాష’. ఐరిష్ మాత్రమే వచ్చినవాళ్ల ఎదుట ఐరిష్ అని, రెండూ వచ్చినవాళ్ల ఎదుట ఐరిష్, ఇంగ్లిష్ అని రాయాలి. మిగిలినవాళ్లకు ఆ గడి వదిలేయాలి.

మా సాయంత్రపు తరగతికి ఒకావిడ వచ్చేవారు. లండన్‌లో పుట్టి, అక్కడే నర్సుగా పనిచేసి, విరమణ తర్వాత డబ్లిన్‌లో స్థిరపడ్డారు. అమ్మ తరఫు వాళ్లది మేయో కౌంటీ. ఒకరోజు విరామంలో ఆవిడ 1911 నాటి తమ ఇంటి పత్రాన్ని అచ్చు తీయించి తెచ్చి బల్ల మీద పరిచారు. సన్నటి వంకర రాత, సిరా కొన్నిచోట్ల పాలిపోయింది. ముత్తాత వరసలో ‘ఐరిష్, ఇంగ్లిష్’. ముత్తవ్వ వరసలో అదే. పిల్లల్లో పెద్దది, తొమ్మిదేళ్ల పిల్ల, అంటే ఈవిడ అమ్మమ్మ, ఆ వరసలోనూ అదే. రెండోవాడి దగ్గర నుంచి కింది వరకు గడి ఖాళీ. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, అదే తల్లి. మొదటి బిడ్డకూ రెండో బిడ్డకూ నడుమ ఆ ఇంట్లో భాష మారిపోయింది. “అమ్మమ్మ పోయేదాకా ఆమె నోట ఒక్క ఐరిష్ ముక్క వినలేదండీ, ఆమెకు వచ్చునని కూడా మాకు తెలియదు” అన్నారావిడ.

ఆ భాషను వదిలేసిన తరం ఇదైతే, తిరిగి ఎత్తుకున్న తరం కూడా దాదాపు అదే కాలంలో ఉంది. అది కూడా సముద్రానికి అవతలే మొదలైందంటే ఆశ్చర్యం కలుగుతుంది. గాల్వే నుంచి వలసవెళ్లిన మీహాల్ ఓ లోహాన్ అనే బడిపంతులు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పెద్దలకు ఐరిష్ తరగతులు నడిపి, 1881లో ‘అన్ గేల్’ అనే పత్రిక మొదలుపెట్టారు. ఐరిష్‌కు పెద్దపీట వేసిన తొలి పత్రికల్లో అదొకటి. ఇటు డబ్లిన్‌లో 1893లో గేలిక్ లీగ్ పుట్టింది. ఐరిష్‌లో దాని పేరు కొన్రా న గేల్గె, ఇప్పటికీ పనిచేస్తోంది. స్థాపకుల్లో ముఖ్యుడు డగ్లస్ హైడ్. ప్రొటెస్టెంట్ మతగురువు కొడుకు. ఇంట్లో భాష ఇంగ్లిష్. రాస్కామన్‌లో తమ ఇంటి చుట్టుపక్కల పనివాళ్ల దగ్గర, రైతుల దగ్గర కూర్చుని ఐరిష్ నేర్చుకున్నారు. 1938లో దేశానికి మొదటి అధ్యక్షుడయ్యారు.

గేలిక్ లీగ్ చేసిన పని ఏమిటంటే, పగలంతా కొట్లలో, ఆఫీసుల్లో, రైల్వేలో పనిచేసి వచ్చిన పెద్దవాళ్లకు రాత్రిపూట బడి పెట్టింది. ఆడవాళ్లు, మగవాళ్లు ఒకే గదిలో కూర్చుని చదువుకున్నారు. 1904లో కార్క్ కౌంటీలోని బాలింగీరీలో మొదటి ఐరిష్ కళాశాల తెరిచింది పిల్లల కోసం కాదు, భాష నేర్చుకోవలసిన ఉపాధ్యాయుల కోసం. మన వరాహగిరి వెంకటగిరి గారు 1913 నుంచి 1916 దాకా డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివారని మీకు తెలుసు. ఆయన ఉన్న డబ్లిన్ ఇదే. బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన తిరుగుబాటు ప్రకటన మీద సంతకం చేసిన ఏడుగురిలో ఒకరైన థామస్ మెక్‌డొనా, బడిపంతులుగా పనిచేస్తూ గేలిక్ లీగ్‌లో చేరి ఐరిష్ నేర్చుకున్న మనిషి.

ఇంకొక విచిత్రమైన విద్యార్థిని కూడా తలచుకోవాలి. కెర్రీ తీరానికి ఎదురుగా ఉన్న గ్రేట్ బ్లాస్కెట్ దీవిలో తొమాస్ ఓ క్రోహన్ అనే మత్స్యకారుడు ఉండేవారు. ఐరిష్ ఆయన తల్లి భాష, పొద్దున లేస్తే అదే. కానీ బడిలో అక్షరాలు నేర్పింది ఇంగ్లిష్‌లో కనుక, తన భాష చదవడం ఆయనకు రాదు. నడివయసులో పట్టుబట్టి ఐరిష్ చదవడం, రాయడం నేర్చుకున్నారు. 1929లో వెలువడిన ఆయన ఆత్మకథ ఇవాళ ఐరిష్ సాహిత్యంలో ఎన్నదగిన పుస్తకం. తన భాషలో తాను రాయడం కోసం కూడా ఒక మనిషి ఆలస్యంగా బడికి వెళ్లవలసి వచ్చింది. 1953లో ఆ దీవిని పూర్తిగా ఖాళీ చేయించారు. అక్కడివాళ్ల బంధువులు అప్పటికే చాలామంది అమెరికాలోని మసాచుసెట్స్‌లో, స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో ఉన్నారు. వాళ్ల మనవలు ఇప్పుడు ఐరిష్ నేర్చుకుంటే, తమ ఇంటివాళ్లు బతికిన బతుకునే ఆ పుస్తకంలో చదువుకోవచ్చు. ఇది ఎంత అదృష్టమో ఆలోచించండి.

సరే, నేర్చుకోవడం కష్టమా? కష్టమే. క్రియ వాక్యంలో మొదట వస్తుంది. మాట మొదటి అక్షరం సందర్భాన్ని బట్టి మారిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లు తల పట్టుకునేది ఇక్కడే, ఎందుకంటే నిఘంటువులో ఏ అక్షరం కింద వెతకాలో తెలియదు. ఇంగ్లిష్ మాత్రమే తెలిసినవాళ్లకు ఇది అర్థంలేని హింసలా ఉంటుంది. కానీ ఇక్కడున్న మీ అందరికీ ఇది పాత చుట్టం. ఎలాగంటారా? బడిలో సరళాదేశ సంధి చదువుకున్నాం. ‘పూచెను కలువలు’ అన్నది ‘పూచెనుఁ గలువలు’ అవుతుంది. ద్రుతం మీద పరుషాలు సరళాలవుతాయి. ఐరిష్‌లో ‘మన’ అనే అర్థమిచ్చే ‘ఆర్’ తర్వాత పిల్లి ‘కాత్’ కాస్తా ‘గాత్’ అవుతుంది, బిడ్డ ‘పాష్టె’ కాస్తా ‘బాష్టె’ అవుతుంది. క గ అవుతుంది, ప బ అవుతుంది. ఎందుకవుతుంది? ఒకప్పుడు ముందున్న మాట చివర నకారం ఉండేది. నకారం పోయింది, దాని ప్రభావం మిగిలింది. మన ద్రుతమూ నకారమే కదా! ఈ రెండు భాషలకూ చుట్టరికమేమీ లేదు. మనిషి నోరు ఒకటే కనుక రెండు చోట్లా ఒకే దారి పట్టింది.

అలాంటివి ఇంకా ఉన్నాయి. మనం రెండు పుస్తకాలు అంటాం, మనుషులైతే ఇద్దరు అంటాం. ముగ్గురు, నలుగురు అంటాం. ఐరిష్‌లోనూ మనుషులను లెక్కపెట్టడానికి వేరే మాటలున్నాయి, పదిమందిదాకా, ఆపైన పన్నెండుగురికి కూడా. ‘వచ్చాడా’ అంటే మనం చాలాసార్లు ‘వచ్చాడు’ అనే అంటాం, అక్కడా క్రియనే తిప్పి చెప్పాలి, వేరే దారి లేదు. డబ్లిన్‌లో ఉన్న మన తెలుగువాళ్ల పిల్లలు ప్రాథమిక పాఠశాలలో ఐరిష్ చదువుతారు. నేను సాయంత్రపు తరగతికి వెళ్లింది మా పిల్లల ఇంటిపనిలో సాయపడదామనే. పూర్వీకుల బంధం ఏమీ లేని నాకు కొన్ని మెలికలు ఇంత సులువుగా అందుతుంటే, పక్కన కూర్చున్న మేయో మనవరాలికి అవి అందకపోవడం చూశాను. భాష రక్తంలో ఉండదని ఆ గదిలోనే నాకు స్పష్టంగా తెలిసింది. వంశం మనిషిని ఆ గుమ్మం దాకా తీసుకురాగలదు. లోపలికి వెళ్లాలంటే క్రియారూపాలు వల్లె వేయాలి.

అయితే వంశం ఒక పని చేస్తుంది. ఏ యాస నేర్చుకోవాలో అది చెబుతుంది. ఐరిష్‌లో మూడు ముఖ్యమైన మాండలికాలున్నాయి: దక్షిణాన మన్‌స్టర్, పడమట కొనాక్ట్, ఉత్తరాన అల్‌స్టర్. ‘ఎలా ఉన్నారు’ అని అడగడమే మూడు చోట్లా మూడు రకాలు. 1958లో ప్రభుత్వం ప్రామాణిక వ్యాకరణం ప్రకటించింది, పాఠ్యపుస్తకాలు దాన్నే అనుసరిస్తాయి. కానీ తాతల కోసం వచ్చినవాళ్లకు ప్రామాణిక భాష చాలదు, తాత ఎలా పలికాడో అలా పలకాలని ఉంటుంది. మేయో, కెర్రీ, డొనెగాల్ వాళ్లకు ఇబ్బంది లేదు, ఆ మాటతీరు ఇంకా ఊళ్లలో వినిపిస్తుంది. టిరోన్, ఆర్మా, లౌత్ వంటి కౌంటీల వాళ్ల సంగతేమిటి? అక్కడ పుట్టుకతో ఐరిష్ మాట్లాడిన చివరి మనుషులు పోయి చాలాకాలమైంది.

ఇక్కడ ఒక మంచి పని గురించి చెప్పాలి. 1928 నుంచి 1931 వరకు బెర్లిన్ నుంచి వచ్చిన విల్హెల్మ్ డోగెన్ బృందం, ఐర్లండ్‌లోని 17 కౌంటీల్లో ముసలివాళ్ల చేత కథలు, పాటలు, ప్రార్థనలు చెప్పించి గ్రామఫోను రికార్డులకెక్కించింది. అవి ఇప్పుడు రాయల్ ఐరిష్ అకాడమీ వెబ్‌సైటులో ఎవరైనా వినవచ్చు. నాకు తెలిసిన ఒక పెద్దమనిషి, టిరోన్ నుంచి వలసవెళ్లిన కుటుంబంవాడు, ఒక కథ ముక్కను తీసుకుని, ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ విని, ఒక్కొక్క అచ్చు ఎక్కడ సాగుతుందో పెన్సిలుతో కాగితం మీద గుర్తుపెట్టుకునేవారు. ఆ కథ చెప్పిన ముసలాయన ఈయనకేమీ కాడు, ఆ ప్రాంతంవాడు, అంతే. ఆ కథను ఆయన ఇప్పుడు ఆ యాసలోనే చెబుతారు. తొంభై ఏళ్ల కింద ఆగిపోయిన పలుకుబడి ఒక మనిషి నోట మళ్లీ వినిపించడం నేను చెవులారా విన్నాను.

1937 నుంచి 1939 వరకు అయిదు వేల ప్రాథమిక పాఠశాలల పిల్లలను ఇంటికి పంపి, పెద్దవాళ్ల దగ్గర కథలు, సామెతలు, వైద్యాలు, ఊరి సంగతులు రాయించుకుని తెమ్మన్నారు. దాదాపు 7,40,000 పుటలు తయారయ్యాయి. ఇప్పుడు ఆ పుటల్లో ఎక్కువ భాగం ఇంటర్నెట్‌లో ఉన్నాయి, చేతిరాతను టైపు చేసే పని స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు చేస్తున్నారు. ఐరిష్‌లో ఉన్న పుటలను చేయాలంటే ఐరిష్ రావాలి, పాత గేలిక్ లిపి కూడా చదవగలగాలి. మధ్యవయసులో నేర్చుకున్నవాళ్లు ఈ పనికి సరిగ్గా సరిపోతారు. తీరిక ఉంటుంది, ఓపిక ఉంటుంది, తమ ఊరి పేరు ఎక్కడైనా కనిపిస్తుందేమోనన్న ఆరాటం ఉంటుంది.

పుస్తకాలు, రికార్డులు, ఫోను యాప్‌లు ఎన్ని ఉన్నా, మనుషుల మధ్యకు వెళ్లక తప్పదు. ఐరిష్ ఊరి భాషగా ఉన్న ప్రాంతాలను గేల్తాఖ్త్ అంటారు. ఎక్కువగా పడమటి తీరం వెంబడి ఉంటాయి. 2022 లెక్కల్లో అన్నీ కలిపి జనాభా 1,06,220. అందులో బడి బయట రోజూ ఐరిష్ మాట్లాడేవాళ్లు 20,261 మంది. డొనెగాల్‌లోని గ్లెన్‌కొలమ్‌కిల్ అనే ఊళ్లో 1984లో ఇజస్ గేల్ అనే సంస్థ మొదలైంది. అది పెద్దవాళ్లకే పాఠాలు చెబుతుంది. అమెరికా, జర్మనీ, జపాన్ నుంచి కూడా వచ్చి వారాల తరబడి ఉంటారు. పగలు తరగతి, సాయంత్రం పాట, నాట్యం, కొండల మీద నడక, అన్నీ ఐరిష్‌లోనే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. గేల్తాఖ్త్ వాళ్లు బతికున్న మనుషులు, వాళ్ల వాకిలి ప్రదర్శనశాల కాదు. వేసవి వస్తే కొట్టు దగ్గర, పోస్టాఫీసు దగ్గర, ప్రతివాళ్లూ వచ్చి తమకు వచ్చిన నాలుగు ముక్కలు వాళ్ల మీద ప్రయోగిస్తారు. వాళ్లు మర్యాదగా వింటారు, తొందరలో ఉంటే ఇంగ్లిష్‌లోకి మారిపోతారు. నేర్చుకునేవాడు దానికి నొచ్చుకుంటాడు. నొచ్చుకోకూడదు. ఆ కొట్టుమనిషికి సరుకు సర్దుకునే పని ఉంది. అక్కడి కుర్రవాళ్లకు సొంత ఊళ్లో ఇల్లు కొనడం గగనమైపోతోంది, సెలవు ఇళ్లుగా కొనేవాళ్ల వల్ల ధరలు పెరిగాయి. పూర్వీకుల భాష మీద ప్రేమ ఉన్నవాళ్లు ముందు ఆలోచించవలసింది, ఆ భాషలో ఇవాళ పిల్లలను పెంచుతున్న కుటుంబాలు ఆ ఊళ్లో ఉండగలుగుతున్నాయా అని. అక్కడ బస చేసినప్పుడు స్థానికుల ఇంట్లోనే దిగడం, ఐరిష్ రేడియో వినడం, ఐరిష్ పుస్తకం డబ్బిచ్చి కొనడం, ఇవన్నీ చిన్నవే కానీ నిజమైన సాయాలు. 1972 నుంచి రేడియో న గేల్తాఖ్త్, 1996 నుంచి ఐరిష్ టెలివిజన్ నడుస్తున్నాయి. వాటికి శ్రోతలు, ప్రేక్షకులు కావాలి.

అందరూ ధారాళంగా మాట్లాడే స్థితికి చేరుకుంటారా? చేరుకోరు. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది మధ్యలో ఎక్కడో ఆగారు. మేనూత్ విశ్వవిద్యాలయం పెద్దల కోసం అంచెలవారీగా పరీక్షలు పెడుతుంది, మొదటి రెండు అంచెలు దాటి ఆగేవాళ్లు ఎక్కువ. దాన్ని నేను తక్కువ చేయను. చక్కటి ఇంగ్లిష్ కన్నా విరిగిన ఐరిష్ మేలని వాళ్లలో ఒక సామెత ఉంది. తరగతుల్లో బిడియపడేవాళ్లకు అందరూ చెప్పేది అదే. బడిలో దెబ్బలు తిని, తప్పులకు నవ్వులపాలై ఆ భాషకు దూరమైన యాభై ఏళ్ల మనిషి, తప్పుగానైనా ఒక వాక్యం పూర్తిచేసి కూర్చున్నప్పుడు ఆ ముఖం చూడాలి.

చివరిగా, ఇప్పటికీ బ్రిటన్‌లో భాగంగా ఉన్న ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ నగరం సంగతి. నేను మొదట చెప్పిన మాటకు అసలైన రుజువు అక్కడుంది. 1960ల చివర, ఐరిష్ నేర్చుకున్న కొన్ని యువ జంటలు ఆ నగరపు పడమటి అంచున, షాస్ రోడ్ అనే చోట స్థలం కొని, సొంతంగా ఇళ్లు కట్టుకుని, పిల్లలను ఐరిష్‌లోనే పెంచాలని నిశ్చయించుకున్నారు. ఐరిష్ వాళ్ల తల్లి భాష కాదు, కష్టపడి నేర్చుకున్నదే. ఉత్తర ఐర్లండ్‌లో అప్పుడు ఆ భాషకు ఏ గుర్తింపూ లేదు. బడి పెడతామంటే శిక్ష తప్పదని అధికారులు హెచ్చరించారు. 1971లో తొమ్మిది మంది పిల్లలతో పెట్టారు. ప్రభుత్వ సాయం రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ ఖర్చంతా ఇంటింటా వసూలు చేసుకున్న డబ్బుతోనే నడిచింది. ఇవాళ ఉత్తర ఐర్లండ్‌లో ఐరిష్ మాధ్యమంలో చదివే పిల్లలు ఏడు వేలకు పైగా ఉన్నారు. ఆ తొమ్మిది మందికి ఐరిష్ తల్లి భాష అయింది. తల్లిదండ్రులు ఆలస్యంగా నేర్చుకోబట్టి అయింది.

అదే నగరపు తూర్పు భాగం ప్రొటెస్టెంట్లది, బ్రిటన్‌తో కలిసి ఉండాలనేవాళ్లది. ఐరిష్ తమకు శత్రువుల భాష అన్న భావన అక్కడ పాతుకుపోయి ఉంది. అక్కడ లిండా ఎర్విన్ అనే ఆవిడ నడివయసులో ఐరిష్ నేర్చుకుని, తురస్ అనే పేరుతో తరగతులు మొదలుపెట్టారు. ఒకప్పుడు ఈ భాష మాట్లాడిన ప్రొటెస్టెంట్లు ఎందరో ఉన్నారని, తాము రోజూ నడిచే వీధుల, పేటల పేర్లలో చాలావాటికి మూలం ఐరిష్‌లో ఉందని ఆ తరగతుల్లో చెబుతారు. ఏటా వందల మంది చేరుతున్నారు. వాళ్లు తమ రాజకీయాలు మార్చుకోలేదు, మార్చుకోమని వాళ్లనెవరూ అడగలేదు. బ్రిటన్ పౌరులుగానే ఉంటూ ఐరిష్ కూడా తమ వారసత్వమే అంటున్నారు. ఈ భాష ఒక వర్గానిది మాత్రమేనన్న మాటకు ఇంతకన్నా బలమైన జవాబు నాకు కనిపించలేదు.

2022 డిసెంబరులో ఉత్తర ఐర్లండ్‌లో ఐరిష్‌కు అధికారిక హోదా ఇస్తూ బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. కోర్టుల్లో ఇంగ్లిష్ తప్ప వేరే భాష వాడరాదన్న 1737 నాటి చట్టాన్ని రద్దుచేసే నిబంధన కూడా అందులోనే ఉంది. ఇటు ఐర్లండ్ గణతంత్రంలో 2021 చట్టం ప్రకారం, 2030 చివరికల్లా ప్రభుత్వ సంస్థల్లో కొత్తగా చేరే ఉద్యోగుల్లో నూటికి ఇరవై మందికి ఐరిష్ వచ్చి ఉండాలి. ఇప్పుడున్న గేల్తాఖ్త్ జనాభా ఒక్కటే అంతమందిని ఇవ్వలేదు. కనుక మిగిలినవాళ్లు ఈ సాయంత్రపు తరగతుల నుంచే రావాలి. సమయం అయింది. అడగవలసినవి ఉంటే అడగండి, తెలిసినంతవరకు చెబుతాను.